అమ్మాయి వాళ్లు హిందువులు, అబ్బాయి వాళ్లు సీఎస్ఐ: తాళి ఎక్కడ కట్టించాలి?

తెనాలి_తంగేడు
ఇంట్లో ఒప్పుకోవడం అయిపోయింది. అక్కడికే రెండేళ్లు పట్టింది. ఇప్పుడు పెళ్లి ఎలా చెయ్యాలి అన్న దగ్గర మళ్లీ మొదటికొచ్చాం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అబ్బాయి వాళ్లది మెదక్. నాలుగు తరాలుగా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంట్లు) సంఘం, వాళ్ల నాన్నగారు సంఘ పెద్ద. వాళ్ల ముత్తాత మెదక్ చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసిన మనిషి, కాబట్టి పెళ్లి అక్కడే జరగాలని వాళ్లకి ఆశ. మా అమ్మమ్మకి 81. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు లేకుండా పెళ్లేంటే అంటుంది. ఇద్దరిలో ఎవరి మాటా తీసెయ్యాలని నాకు లేదు.

పొద్దున మెదక్‌లో చర్చి, రాత్రి హైదరాబాద్‌లో ముహూర్తం అనుకున్నాం. అంతవరకూ అందరూ సరే అన్నారు. తాళి దగ్గర ఆగిపోయింది. వాళ్ల చర్చిలో కూడా ఉంగరాలతో పాటు తాళి కడతారు, తాళిబొట్టు మీద సిలువ ఉంటుంది. నాకు మొన్నటిదాకా తెలీదు. పొద్దున అక్కడ కట్టేస్తే రాత్రి మండపంలో ఏం కట్టాలి? తీసి మళ్లీ కట్టించుకోవడం నా వల్ల కాదు. మెడలో పడ్డ తాళి తియ్యడం అన్న మాట అమ్మమ్మ ముందు అనలేను కూడా.

ఇంకోటి, తెల్లచీర. పెళ్లిపూట తెల్లచీరేంటని మా ఇంట్లో ఆడవాళ్లంతా ఒక్కటయ్యారు.

ఇలాంటి పెళ్లి చేసుకున్నవాళ్లు, దగ్గరుండి చేయించినవాళ్లు చెప్పండి. అసలు చేసుకోవద్దనే సలహా మాత్రం వద్దు, రెండేళ్లు విన్నాను.

కొబ్బరిమట్ట
తాళి సంగతి తర్వాత, ముందు డేటు చూసుకోండి. వచ్చే ఏడాది అయితే మాఘం పెట్టుకోవద్దు. 2027లో మాఘం ఫిబ్రవరి 7న మొదలవుతుంది, భస్మ బుధవారం 10న. ఆ రోజు నుంచి ఈస్టర్ దాకా శ్రమదినాలు, వాటిల్లో చాలా చర్చిల్లో పెళ్లిళ్లు చెయ్యరు. ఈస్టర్ మార్చి 28. మా అన్నయ్యకి ఇలాగే జరిగింది, ఫంక్షన్ హాలు అడ్వాన్సు పోయింది.

తెనాలి_తంగేడు
అయ్యో. మా సిద్ధాంతిగారు ఇచ్చిన రెండు ముహూర్తాలూ ఫిబ్రవరిలోనే. ఈ రాత్రికే ఫోన్ చేస్తాను.

కొబ్బరిమట్ట
ఈస్టర్ దాటాక చైత్రం, వైశాఖం చూడమనండి. ఆషాఢం జూలైలో కదా, దానికి ముందే అయిపోవాలి. ఎండలుంటాయి, అంతే.

ముషీరాబాద్_గల్లీ
మెదక్ చర్చి అంటున్నరు గద, ఆ గుడి కరువు కాలంల కట్టింది. తిండి లేని జనానికి పని చూపెట్టి, కూలిచ్చి కట్టిచ్చిన్రు. 1924 డిసెంబర్ 25న తెరిచిన్రు. ముత్తాత రాళ్లు మోసిన జాగల మునిమనవడు పెండ్లి చేసుకోవాలంటే ఎవరైనా కాదంటరా? మీ అమ్మమ్మను ఒకపారి తీస్కపోయి చూపెట్టుర్రి. లోపలికి పోంగనే ఆ రంగుల అద్దాలు చూస్తే ఆమెనే కూసుంటది.

నా సంగతి చెప్త. నేను ముస్లిం, మా ఇంటామె హిందువు. ఖాజీ సాబ్ మతం మారితేనే నికా అన్నడు. ఆమె మారనన్నది, నేను మారమనలే. ఎవ్వరు మతం మారకుండ చేస్కునే స్పెషల్ మ్యారేజీ చట్టం కింద సంతకాలు పెట్టినం. తర్వాత ఒక పూట మా ఇంట్ల వలీమా లెక్క దావత్, ఇంకో పూట వాళ్లమ్మగారింట్ల సత్యనారాయణ వ్రతం. నేను పీట మీద కూసోలే, పక్కన కూసొని కొబ్బరికాయలు అందిచ్చిన. పదకొండేండ్లు అయితుంది. మాకు మతం మీద కొట్లాట రాలే, ఏసీ మీద వస్తది.

దస్తావేజు_లేఖరి
నేను ఉండేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందే, ఇలాంటి కేసులు నెలకి రెండు మూడు చూస్తుంటాను. తాళి ఎక్కడ కట్టించుకున్నా మీ ఇష్టం, కాగితం మాత్రం తప్పు పడకూడదు. కొంచెం ఓపిగ్గా చదవండి.

చాలామంది గుళ్లో పెళ్లి చేసుకుని, ఫొటోలు పట్టుకొచ్చి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చెయ్యమంటారు. 1955 నాటి ఆ చట్టానికి ఇద్దరూ హిందువులే కావాలి. బౌద్ధ, జైన, సిక్కులు కూడా అందులోకే వస్తారు, క్రైస్తవులు రారు. హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి ఆ చట్టం కింద చేసుకున్న పెళ్లి చెల్లదని 2008 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసు మన ఆంధ్ర హైకోర్టు నుంచి వెళ్లిందే. గుళ్లో తాళి కట్టారు, రిజిస్టర్ కూడా అయింది, అయినా చెల్లలేదు. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

మీకున్న దారులు ఇవి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా చర్చి పెళ్లి చట్టబద్ధమే, చేయించే అయ్యగారికి ఆ అధికారం ఉండాలి. లేదంటే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్టు. మీలో ఒక్కరైనా ఆ జిల్లాలో ముప్పై రోజుల నుంచి ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చాక ముప్పై రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు, ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు పెళ్లి చేసుకోకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాలి.

మూడోది చాలామందికి తెలీదు. ముందు మీ పద్ధతుల్లో పెళ్లి చేసేసుకుని, తర్వాత అదే యాక్టు 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికీ ముప్పై రోజుల నోటీసు ఉంటుంది. ఇద్దరికీ 21 నిండి ఉండాలి, ఇద్దరూ ఆ జిల్లాలోనే ముప్పై రోజులుగా ఉంటూ ఉండాలి. పెళ్లయిన మర్నాడే విమానం ఎక్కేవాళ్లకి ఇక్కడే దెబ్బ పడుతుంది.

ఆస్తి సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పండి. ఈ యాక్టు కిందకి వస్తే, వేరే మతం మనిషిని చేసుకున్న హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. వాటా పోదు, విడిపోయినట్టు మాత్రమే. వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది.

పల్నాటి_మిరప
లేఖరి గారూ, ఆ నోటీసే మా కొంప ముంచింది. బోర్డు మీద అంటించారు, మా బాబాయి స్నేహితుడు పొలం పని మీద వచ్చి చూశాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఇద్దరం పారిపోయి నెల్లాళ్లు ఒంగోలులో తలదాచుకున్నాం.

దస్తావేజు_లేఖరి
నిజమేనమ్మా. అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో ఆ నోటీసు బయటపెట్టడం జంట ఇష్టమేనని చెప్పింది. కానీ అది ఆ రాష్ట్రం కోర్టు. మన దగ్గర బోర్డు మీదికి ఎక్కుతుందనే అనుకుని సిద్ధపడండి. తంగేడు గారి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ భయం లేదు. ఒక్క మాట అడగొచ్చా, అబ్బాయి సర్టిఫికెట్లలో ఏముంది? ఆదివారం చర్చి, కాగితాల్లో హిందూ అన్న ఇళ్లు చాలా చూశాను. అలా ఉంటే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి.

తెనాలి_తంగేడు
లేదండి, వాళ్లది బీసీ-సీ (క్రైస్తవులైన ఎస్సీలకి ఇచ్చే వర్గం). అన్నిట్లోనూ క్రైస్తవులనే ఉంది. 15వ సెక్షన్ మాకు సరిపోయేలా ఉంది, ఇద్దరం హైదరాబాద్‌లోనే ఉద్యోగం.

గుణదల_మెట్లు
నాది 1996 పెళ్లి. నేను హిందువుని, మావారు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్). సీఎస్ఐ పద్ధతి వేరు, ఆర్‌సీఎం పద్ధతి వేరు, రెంటినీ కలిపి వినకండి. మాకు ఫాదర్ గారు బిషప్ గారి దగ్గర్నుంచి అనుమతి తెప్పించారు. బాప్తిస్మం లేని మనిషిని చేసుకోవాలంటే వాళ్లకి ఆ అనుమతి తప్పదు. పిల్లలకి బాప్తిస్మం ఇప్పించి ఆ విశ్వాసంలో పెంచడానికి చెయ్యగలిగినంత చేస్తానని మావారు మాటిచ్చారు, ఆ మాట ఇచ్చినట్టు నాకు తెలియజేశారు. పైగా చర్చిలో పెళ్లికి ముందుగానీ తర్వాతగానీ అదే పెళ్లి ఇంకో మతం పద్ధతిలో మళ్లీ చెయ్యకూడదన్నారు. అందుకని మా అమ్మ ఇంట్లో నలుగు పెట్టి, పసుపుబట్టలు కట్టి, అంతటితో సరిపెట్టుకుంది. తలంబ్రాల పళ్లెం కలిపి ఉంచింది కూడా. ఎవరూ పొయ్యలేదు. ముప్పై ఏళ్లయినా ఆ పళ్లెం నాకు గుర్తే.

మీకు సీఎస్ఐ కాబట్టి అయ్యగారిని నేరుగా అడగండి. కొందరు చేస్తారు, కొందరు బాప్తిస్మం తీసుకుంటేనే అంటారు. బొట్టు చెరిపేసి రమ్మనే వాళ్లూ ఉన్నారు. అన్నీ ముందే అడిగేసుకోండి, ఆ రోజు పొద్దున గుమ్మం దగ్గర తెలియకూడదు.

ముషీరాబాద్_గల్లీ
మా దోస్తు ఒకడు ఇట్లనే మెదక్ పిల్లను చేసుకున్నడు. వాళ్లు పాస్టర్‌ను అయ్యగారు అంటరు, వీళ్లింట్ల పూజ చేసేటాయనను అయ్యగారు అంటరు. ‘అయ్యగారొచ్చిండు, చాయ్ పెట్టు’ అంటే ‘ఏ అయ్యగారు?’ అని లోపల్నుంచి అరుస్తది.

మోక్షపు_బాట
నా మాట నచ్చకపోవచ్చు, కోపం లేకుండా వినండి. నేను పాస్టర్ ఇంట్లో పుట్టినవాణ్ణి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 6:14 మా ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, విశ్వాసం లేనివాళ్లతో జోడు కట్టొద్దని. పెళ్లి ఆపమని చెప్పడం లేదు. పొద్దున దేవుని ఎదుట ఒక్కసారి చేసిన ప్రమాణం రాత్రికి ఇంకో దేవుడి ఎదుట మళ్లీ చేస్తే, రెండింటిలో ఏది నిజం? రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అవుతుంది. మీ మామయ్యగారు సంఘ పెద్ద. రేపు ఆయన సంఘంలో లేచి నిలబడి ఎలా మాట్లాడగలరో కూడా ఆలోచించండి.

స్మార్త_పిల్లాడు
మాది కోనసీమ, నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. బాట గారు అవతలి ఒడ్డు నుంచి చెప్పిందే ఇవతలి ఒడ్డున మా నాన్నగారు చెప్తారు. కన్యాదానంలో వరుణ్ణి విష్ణుస్వరూపంగా భావించి కాళ్లు కడుగుతారు. సంకల్పంలో గోత్రం చెప్పాలి. గోత్రం లేనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పి నడిపించేస్తారు చాలామంది. కానీ ఆ అబ్బాయి మనసులో లేని మాట అతని నోట పలికించడం అతనికీ మర్యాద కాదు, మంత్రానికీ మర్యాద కాదు.

కానీ తంగేడు గారూ, మీ అమ్మమ్మగారు అడుగుతున్నది ఏమిటో చూడండి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. నాన్నగారిని ఇప్పుడే అడిగి వచ్చాను. పాణిగ్రహణం, హోమం, సప్తపది గృహ్యసూత్రాల్లో (ఇంటి కర్మలు చెప్పే పాత గ్రంథాల్లో) ఉన్నవి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, తాళి మన దేశాచారం, తెలుగువాళ్ల ఆచారం అన్నారు. ఒకరి నెత్తి మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టడానికి అబ్బాయి ఏ దేవుణ్ణీ వదులుకోనక్కర్లేదు. హోమం మానేసి వీటిని నిండుగా చెయ్యండి.

మోక్షపు_బాట
ఇలా అయితే నాకూ అభ్యంతరం లేదు. మా చెల్లి పెళ్లిలో నలుగు పెట్టాం, తోరణాలు కట్టాం, బూరెలు వండాం. అవి మా తాతలవి కూడా.

తెనాలి_తంగేడు
స్మార్త_పిల్లాడు గారూ, ఇది మాకెవ్వరికీ తట్టలేదు. రెండు నెలల నుంచి ‘పెళ్లితంతు మొత్తం’ అనే మాట మీదే కొట్టుకుంటున్నాం. అమ్మమ్మని ఇందాకే అడిగాను, ‘నీకు హోమం కావాలా?’ అని. ‘పొగకి నాకు కళ్లు మండుతాయే, నాకు నీ నెత్తి మీద అక్షింతలు కావాలి’ అంది. సప్తపది మాత్రం నాకు ఇష్టం. ఏడో అడుగుతో స్నేహితులమవుతాం అంటారు కదా, ఆ మాట కోసం.

స్మార్త_పిల్లాడు
సఖా సప్తపదీ భవ. అగ్ని లేకుండా నడిస్తే దాన్ని సప్తపది అని నేననను. ఇద్దరూ ఏడడుగులు వేస్తూ ఆ మాటలకి అర్థం తెలుగులో చెప్పుకుంటే మాత్రం ఎవరికీ తప్పు కాదు.

బెల్లం_గవ్వ
అమ్మాయ్, తాళి గురించి ఇంతమంది ఇంత రాశారు గానీ పుస్తెల మాట ఎవరూ ఎత్తలేదేంటి? మన వైపు తాళికి పుస్తెలు ఎన్ని? రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. రెండూ విడివిడి పసుపుతాళ్లకి గుచ్చి కట్టించి, పదహారో రోజు పండక్కి ఒక్క తాడు మీదికి చేర్చి, మధ్యలో నల్లపూసలు గుచ్చుతారు మా ఇళ్లల్లో. నీకు కావలసింది అందులోనే ఉంది.

అత్తింటి పుస్తె వాళ్ల పద్ధతిలో సిలువతో వాళ్లు చేయించి చర్చిలో కట్టిస్తారు. పుట్టింటి పుస్తె మీవాళ్లు చేయించి రాత్రి మండపంలో కట్టిస్తారు. ఏదీ తియ్యక్కర్లేదు. పదహారో రోజు రెండూ కలుస్తాయి. కంసాలికి మాత్రం ఇద్దరూ ఒకే బరువు చెప్పండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే ఆ మాట ఇరవయ్యేళ్లు వినాలి.

గుణదల_మెట్లు
గవ్వ గారూ, మీరు 1996లో ఎక్కడున్నారండీ.

పల్నాటి_మిరప
చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. మాకు రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో పసుపుకొమ్ము కట్టాడు మావాడు.

మగ్గం_గుంట
తెల్లచీర గురించి. మాది మంగళగిరి, నేత ఇల్లు. మీ ఇంట్లో ఆడవాళ్లని ఒక్క మాట అడగండి, మధుపర్కాలు ఏ రంగు? తెల్లవే కదా, అంచు ఎరుపో పసుపో. ముహూర్తానికి పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కట్టేది అదే. తెలుపు ఒంటరిగా ఉంటే బెంగ, ఎర్రంచు తోడుంటే పెళ్లి. తెల్ల పట్టులో ఎర్రంచుతో నేయించుకుని పొద్దున చర్చికి కట్టుకోండి. కొంగులో సన్న జరీ వేయించుకుంటే ఫొటోల్లో కూడా బాగుంటుంది. నెలన్నర ముందు చెప్పాలి మరి, మగ్గం మీదికి ఎక్కించాలి.

రెండు_పండగల_పిల్ల
నేను అలాంటి పెళ్లికి పుట్టినదాన్ని. నాన్న లూథరన్, అమ్మ హిందువు, మాది గుంటూరు. మీరంతా ఆ ఒక్క రోజు గురించి మాట్లాడుతున్నారు. నేను ఆ తర్వాత గురించి చెప్పాలి.

చిన్నప్పుడు అంతా బాగుండేది. డిసెంబర్‌లో వరండాలో నక్షత్రం, జనవరిలో దాని కిందే అమ్మ ముగ్గు, గొబ్బెమ్మలు. నక్షత్రం సంక్రాంతి దాకా తీసేవాళ్లం కాదు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మమ్మ వాళ్లింట్లో శ్రావణ శుక్రవారం. పిల్లలందర్నీ దేవుడి గదిలోకి పిలిచి చేతికి తోరం కడుతున్నారు. నేను వెళ్లబోతే ఒకావిడ గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. ‘నువ్వు వద్దులే అమ్మా, నీకు బయట పెడతా’ అంది. అరటిపండు చేతిలో పెట్టింది. పండు తినలేదు నేను. నాన్న వాళ్ల వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది, బాప్తిస్మం లేదని సండే స్కూల్ నాటకంలో నాకు వేషం ఇవ్వలేదు.

అమ్మానాన్నలు పిల్లలు పెద్దయ్యాక వాళ్లే తేల్చుకుంటారులే అనుకున్నారు. ప్రేమతోనే అనుకున్నారు. కానీ తేల్చుకునే లోపు ప్రతి గుమ్మం దగ్గరా నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. అక్కా, బిడ్డ పేరు ఎలా పెడతారు, బాప్తిస్మం ఉందా లేదా, అన్నప్రాశన ఉందా లేదా, ఇప్పుడే మాట్లాడుకోండి. ‘ఈ పిల్ల మా ఇంటి పిల్ల’ అని రెండువైపులా అందరి ముందూ చెప్పే మనిషి ఒకరు ఉండాలి. మీ అమ్మమ్మగారు, మీ మామయ్యగారు ఆ మాట అనగలరా, అడగండి.

మోక్షపు_బాట
ఆ నాటకం సంగతి చదివి మనసు బాధపడిందమ్మా. అలా చెయ్యకూడదు. మా సండే స్కూల్ నేనే చూస్తాను, ఈ ఆదివారం నుంచి జ్ఞాపకం పెట్టుకుంటాను.

జీడిపప్పు_పలావు
భోజనాల గురించి అడగలేదు గానీ చెప్తున్నా, కేటరింగ్ మాది. రెండు పొయ్యిలు, రెండు జట్లు, వడ్డించే గరిటెలు కూడా వేరు. పొద్దున చర్చి తర్వాత బిర్యానీ అక్కడే పెట్టేయండి. రాత్రి మండపంలో పూర్తిగా శాకాహారం: పనసపొట్టు కూర, కంద బచ్చలి, బూరెలు. ఒకే హాల్లో రెండూ పెడితే ఎవరి విస్తరి దగ్గర ఎవరు కూర్చున్నారన్న గొడవ ఖాయం.

తెనాలి_తంగేడు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని తిరిగాం.

అయ్యగారిని (పాస్టర్ గారిని) కలిశాం. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘విగ్రహపూజ, హోమం ఉన్న చోటికి నేను రాను. అవి లేకపోతే రాత్రి భోజనానికి కూడా వస్తాను. అమ్మాయిని బొట్టు చెరపమని అడగను, బాప్తిస్మం బలవంతం చెయ్యను’ అన్నారు. సంఘంలో ఇద్దరు పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. మామయ్యగారు వాళ్లతో తనే మాట్లాడతానన్నారు. మా వైపు సిద్ధాంతిగారు హోమం లేని పెళ్లికి తాను రానన్నారు. అదీ ఆయన మాటే, తప్పు పట్టలేదు. జీలకర్ర బెల్లం అమ్మమ్మ, మేనమామ దగ్గరుండి పెట్టిస్తారు. ముహూర్తం ఈస్టర్ దాటాక చైత్రంలో. 15వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఆ తర్వాత. చీర మంగళగిరిలో చెప్పాం.

రెండు_పండగల_పిల్లా, నీ మాట అమ్మమ్మకీ మామయ్యగారికీ చదివి వినిపించాను. పేరు రెండు ఇళ్లవాళ్లూ కూర్చుని ఒక్కటే పెడతారు. బాప్తిస్మం మీద మా ఇద్దరికే ఇంకా కుదరలేదు, మాట్లాడుకుంటూనే ఉన్నాం, పెళ్లిలోపు తేల్చుకుంటాం. మామయ్యగారు మాత్రం ‘ఆ పిల్ల మా ఇంటి పిల్ల అని గుడిలో మైకులో చెప్తా’ అన్నారు.

నిన్న పుస్తెలు వచ్చాయి. తెనాలిలో మా కంసాలే రెండూ చేశాడు, అత్తింటిది డబ్బు వాళ్లు పంపారు. రెండూ గ్రాము చొప్పున. అమ్మమ్మ రెంటినీ అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. సిలువ ఉన్నదాని మీద బొటనవేలితో రాసి రాసి చూసింది. నా గుండె ఆగిపోయింది. ‘దీని అంచు గరుగ్గా ఉంది, నున్నగా అరగదీసి ఇమ్మను, పిల్ల మెడ గీసుకుపోతుంది’ అని కంసాలి దగ్గరికి తిప్పి పంపింది.

బెల్లం_గవ్వ
పదహారో రోజు నల్లపూసలు ఎవరు గుచ్చుతున్నారు?

తెనాలి_తంగేడు
అత్తయ్యగారు. ఎప్పుడూ గుచ్చలేదట. అమ్మమ్మ వీడియో కాల్‌లో ముడి వెయ్యడం నేర్పుతోంది, రోజూ సాయంత్రం ఏడింటికి.